పలకల కార్ఖానాలో కబడ్డీ కోర్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. మార్కాపురం శివార్లలో మూతపడ్డ పాత పలకల కార్ఖానాను కబడ్డీ క్లబ్బుగా మార్చే పని నాకొచ్చింది. సివిల్ ఇంజనీరుగా అప్పటికి నా అనుభవం పందొమ్మిదేళ్లు. పొగరు అంతకు రెట్టింపు.

బిల్డింగు మా తాతల కాలం నాటిది. రెండడుగుల మందం రాతిగోడలు, గానుగ సున్నం. క్లబ్బు నడిపే దేవదానం మాస్టారు బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. పొద్దునా సాయంత్రం ఆడపిల్లలకు ప్రాక్టీసు, మధ్యాహ్నం ఊరి ఆడవాళ్లకు కుట్టుపని, మీటింగులు, అన్నీ ఆ కప్పు కిందే జరగాలని ఆయన ఆశ. అప్పటిదాకా పిల్లలు రోడ్డు పక్కన ముళ్లలో ఆడేవాళ్లు. సరైన చోటు దొరక్కపోతే ఆట మాన్పిస్తామని ఇళ్లల్లో తేల్చి చెప్పేశారు. ఓనరు షరతు ఒక్కటే. నేను స్టెబిలిటీ సర్టిఫికెట్, అంటే కట్టడం గట్టిగా ఉందన్న హామీ పత్రం ఇస్తేనే లీజు. లేదంటే కూలగొట్టి కాంప్లెక్సు కడతాడు.

పడమటి గోడకు పైనుంచి కిందిదాకా వేలు దూరేంత పగులు.

"ఇది నిలవదు మాస్టారూ. నేను సంతకం పెట్టను" అన్నాను. పాపం, ఆయన ముఖం చిన్నబోయింది.

అంతలో ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. పేరు సుగుణమ్మ. ముప్పై ఏళ్లు అక్కడే పలకలు కోసిందట.

"ఏంది నాయనా, గోడ పడిపోతాదని ఎవురు చెప్పినారు?"

"అంత పగులు కనపడలేదా అమ్మా?" విసుక్కున్నాను.

"కనపడతాంది. అది గోడది కాదులే. మా షావుకారు సిమెంటు పూయించినాడు. అది సున్నానికి అంటుకోక ఇట్ల ఊడొచ్చినాది."

నా చేతిలో సుత్తి లాక్కుని తనే కొట్టింది. డొల్లగా మోగింది. పూత పెళ్లగిస్తే లోపల రాయి చెక్కుచెదరలేదు. నేను పప్పులో కాలేశాను.

పలకలో సన్న పగులు కంటికి ఆనదట, మోతలోనే తెలుస్తుందట. ఆవిడ అట్లాగే గోడల వెంట కొట్టుకుంటూ పోయి, నేను బాగుందని టిక్కు పెట్టుకున్న పెద్ద గుమ్మం దగ్గర స్టూలెక్కింది. గుమ్మం పైన బరువు మోసే అడ్డరాయిని మేం లింటెల్ అంటాం. దాన్ని రెండుసార్లు కొట్టింది.

"ఇది మటుకు మంచిది కాదు నాయనా. పగిలిన కుండ మాదిరి పలకతాంది."

పూత తీయించాను. రాయి నడిమికి చీలి ఉంది. క్లబ్బు తెరిచాక రోజూ పిల్లలు పరిగెత్తుకుంటూ రావాల్సింది ఆ గుమ్మంలోంచే. వెంటనే కింద ఆసరా గుంజలు పెట్టించి, ఆ రాయి తీసి ఆర్‌సీసీ బీము వేయించాను. ఆ తర్వాతే సంతకం పెట్టాను.

ఇప్పుడు ఏ పాత కట్టడానికి పోయినా, టేపు తీయకముందే అందులో పనిచేసిన వాళ్లు ఊళ్లో ఎవరున్నారని అడుగుతాను. ఈ బుద్ధి నేర్పింది సుగుణమ్మే. ఆ తల్లికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

క్లబ్బు తెరిచిన రోజు మాస్టారు ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఒక పిల్ల ఊపిరి బిగబట్టి కూతకు పోయి, ఇద్దరిని ముట్టుకుని తిరిగొచ్చింది. సుగుణమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఈడ పలకలు కోసే దుమ్ముకు మాకు నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేది నాయనా. ఆ పాపకు ఎంత ఊపిరి ఉండాదో చూడు" అంది.