వదలండి మాస్టారూ

ఆత్మరక్షణకి కరాటే మంచిదా, జూడో మంచిదా, బాక్సింగ్ మంచిదా అని నెల్లాళ్ళుగా వీడియోలు చూసి మా ఇంట్లోవాళ్ళ ప్రాణం తీశాను. చివరికి ఇవాళ తెనాలిలో ఒక కరాటే క్లాసుకి వెళ్ళాను. మాస్టారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నేను దొంగననుకోండమ్మా. తన్నడం తర్వాత, ముందు గట్టిగా అరవండి."

"వదలండి మాస్టారూ" అన్నాను.

"మాస్టారు కాదమ్మా, దొంగని!"

"అయితే వదలండి అన్నయ్యా."

క్లాసు క్లాసంతా నవ్వింది.

తిరిగి మా ఊరు నందివెలుగు వెళ్తుంటే, షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న మనిషి అవతల బోలెడు చోటున్నా నా మీదకే ఒరుగుతున్నాడు. జరిగి జరిగి కమ్మీకి అంటుకుపోయాను. ఇక లాభం లేదని, మాస్టారిని తలుచుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని "జరగండీ!" అని అరిచాను. డ్రైవర్ బ్రేకు వేశాడు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అతన్ని పట్టుకుని, "ఏంటయ్యా, ఏంటి సంగతి? ఆడపిల్ల అంత కేకేసింది?" అని నిలదీసింది. అతను అక్కడే దిగిపోయాడు.

నేను గెలిచాను. అక్కడితో నోరు మూసుకుంటే ఎంత బాగుండేది! కానీ మా ఇంటికొచ్చిన వాళ్ళెవరు బయల్దేరినా గుమ్మం దాకా వచ్చి సాగనంపే అలవాటు నాది. దిగి వెళ్తున్న అతన్ని చూడగానే నవ్వుతూ అనేశాను.

"మంచిదండి, వెళ్ళిరండి."

ఊరొచ్చేదాకా పెద్దావిడ నన్నే అనుమానంగా చూసింది.

కాళ్ళూ చేతులూ ఎలాగో నేర్చుకుంటాను. ఈ నోటికి శిక్షణ ఎక్కడిస్తారో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, దయచేసి.