నా గడ్డలోని కొలాజెన్ ఎవరి పక్షం?

ఆ రోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క రాస్తుంటే కుడి చంక దగ్గర ఏదో అడ్డుపడినట్టయింది. స్టాఫ్ రూములోకి వెళ్ళి తడిమి చూసుకున్నాను. రొమ్ము పక్కన గట్టి గడ్డ. నొక్కితే కదల్లేదు, నొప్పీ లేదు.

మాది రాజోలు. నేను లెక్కల టీచర్ని. కువైట్‌లో చాలాకాలం పనిచేసి వచ్చిన మా ఆడపడుచు విజయ వదిన మా పక్కవాటాలో ఉంటుంది. ఆవిడకి చూపిస్తే, "నొప్పెట్టట్లేదు కదా, కొవ్వుగడ్డయ్యుంటాది. కంగారుపడిపోకు" అంది. మా ఆయన మాత్రం మర్నాడే అమలాపురం తీసుకెళ్ళారు. మామోగ్రామ్, తరవాత బయాప్సీ. కార్సినోమా, అంటే క్యాన్సరేనని తేలింది.

రిపోర్టులో గడ్డ చుట్టూ కొలాజెన్ దట్టంగా ఉందని రాశారు. ఫోనులో వెతికాను. కొలాజెన్ క్యాన్సర్‌ని కట్టిపడేస్తుందని ఒకచోట ఉంది. పాకడానికి దారి ఇస్తుందని ఇంకోచోట ఉంది. ఫోను మంచమ్మీదికి విసిరేశాను.

కాకినాడలో ఆంకాలజిస్టు మేడమ్‌ని మొదట అదే అడిగాను. "ఇది మంచిదా, చెడ్డదా అండీ?"

"రెండూనమ్మా. కొలాజెన్ అంటే ఒంటిని పట్టి ఉంచే పీచు. కొబ్బరికాయ చుట్టూ ఉంటుందే, అలాగనుకోండి. ఒక్కోసారి గడ్డని బిగించి ఆపుతుంది. ఒక్కోసారి అదే పీచు వరసగా సాగిందంటే, దాన్ని పట్టుకునే కణాలు బయటికి పాకుతాయి."

"మరి నా గడ్డలో ఏం చేస్తోందండీ?"

"ఈ రిపోర్టు చూసి చెప్పలేను. మీ ట్రీట్‌మెంట్ దాన్నిబట్టి ఉండదు. గడ్డ గ్రేడు, చంకలోని గ్రంథులు అంటే నోడ్స్, హార్మోన్ రిసెప్టర్లు, వాటిని బట్టే."

ఆవిడ నిజమే చెప్పారు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నన్ను పట్టి ఉంచినదే నా మీదికి తిరిగిందేమోనంటే, ఇక ఎవర్ని తిట్టుకోవాలి?

సర్జరీ అయింది. కీమో మొదలైంది. జుట్టు రాలింది, నోరంతా పుళ్ళు, గోళ్ళు నల్లబడ్డాయి. చూడ్డానికొచ్చిన చుట్టాలు అరుగు మీద కూర్చుని, "ఏ పాపం చేసుకుందో" అనుకుంటున్నారు. లోపల్నుంచే అరిచాను. "నాకు పోయింది జుట్టండీ, చెవులు కాదు!"

అప్పుడే విజయ వదిన ఒక డబ్బా తెచ్చింది. "కొలాజెన్ పౌడర్. కోత మానిపోద్ది, జుట్టూ వచ్చేత్తాది."

"వద్దు వదినా. డాక్టర్ని అడక్కుండా ఏదీ తాగను."

"ఇది మందు కాదే, బలం."

"వద్దన్నాను."

తరవాతి కీమోకి వెళ్తే లివర్ పరీక్ష, ఎల్ఎఫ్‌టీ రిపోర్టు చూసి మేడమ్ ముఖం మారింది. "లివర్ ఎంజైములు బాగా పెరిగిపోయాయి. ఇవాళ కీమో ఇవ్వలేను. ఇంకేమైనా వాడుతున్నారా?"

"లేదండీ" అన్నాను గట్టిగా.

తోడొచ్చిన వదిన నా వెనక నుంచి మెల్లగా అంది. "ఆయ్... నేనే కలిపేనండీ, రోజూ నేను కాచే జావలో. దాని మంచికే కదండీ."



మా ఆయన మర్నాడు డబ్బా తీసుకెళ్ళి చూపించారు. "తాగిన కొలాజెన్ పొట్టలో అరిగిపోతుంది. గడ్డ ఉన్నచోటికి పోతుందని నా భయం కాదు" అన్నారు మేడమ్. "ఇందులో మూలికలు కలిపామని డబ్బా మీద ఉంది, ఏవో రాయలేదు. లివర్ చెడింది కీమో వల్లో దీనివల్లో తేల్చుకోలేకపోతున్నాను."

ఎంజైములు దిగేదాకా కీమో ఆగిపోయింది. ఆ రోజుల్లో గడ్డ తిరిగి లేస్తుందేమోనని పొద్దస్తమానం చంక తడుముకునేదాన్ని. వదిన కనబడితే తలుపేసుకునేదాన్ని. ఒకసారి వాకిట్లో నిలబెట్టి అడిగేశాను. "నేను వద్దన్న మాట నీకు వినబడలేదా?"

"నీ మీద ప్రేమతో చేసేనే."

"నా ఒంట్లోకి ఏం పోవాలో నేను చెప్పాలి వదినా. ఇంకెప్పుడూ నా వంటింటి గడప తొక్కకు."

కీమో మళ్ళీ మొదలై పూర్తయింది. రేడియేషన్ కూడా అయింది. ఇప్పుడు రోజూ హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను. సర్జరీ వల్ల కుడిచేయి వాస్తుంది, బిగుతు తొడుగు వేసుకుని బడికి వెళ్తున్నాను. మొన్నటి స్కాన్ బాగానే ఉంది. ఆ కొలాజెన్ నన్ను కాపాడిందో, ముంచబోయిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగడం మానేశాను. వదినని మాత్రం ఇంకా వంటింట్లోకి రానివ్వలేదు. "అక్క ఏడుస్తోందే" అంటారు మా ఆయన. "ఏడవనివ్వండి" అంటాను.

కీమోలో ఉన్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మీ గ్లాసులో ఏం కలుస్తోందో మీరే చూసుకోండి. అనుమానమున్నా డాక్టరుకి చెప్పేయండి. ప్రేమతో పెట్టారని మొహమాటపడకండి. లివర్‌కి మొహమాటం తెలియదు.