జారుడుబల్ల వందో పోటీ

ఇరవై ఏళ్లు బాక్సింగ్ రింగులో ఉండి కూడా ముక్కు వంకరపోని మనిషిని ఎక్కడైనా చూశారా? అయితే మన అద్దాలాయన్ని చూడాల్సిందే. పగలు కిటికీలకు అద్దాలు బిగిస్తాడు, సాయంత్రం గ్లవుజులు తొడుగుతాడు. వేళ్లు విరిగితే మర్నాడు పొయ్యిలో పిల్లి లేవదు కాబట్టి, కొట్టడం కంటే ముందు తప్పించుకోవడం నేర్చుకున్నాడు. గడ్డం భుజం చాటున దాచి, నడుము అంగుళం వంచేవాడు. అవతలివాడి గుద్దు గాలికి తగిలేది. జనం మాత్రం 'జారుడుబల్ల' అని పేరు పెట్టి, ఈలలు వేసి వెక్కిరించారు. ఆ ఈలలు వినలేక ఆయన భార్య పోటీలకు రావడమే మానేసింది.

ఆయనతోపాటు మొదలుపెట్టిన వీరాధివీరులంతా ఎప్పుడో ఇంటికి చేరారు. ఒకడికి చెయ్యి వణుకు, ఇంకొకడికి మాట తడబాటు. వెక్కిరింతలు పడ్డవాడు మాత్రం నలభై ఒకటో ఏట వందో పోటీకి సిద్ధమయ్యాడు. ఇక డాక్టరు సంతకం ఒక్కటే మిగిలింది. అది పడకపోతే తొంభైతొమ్మిదితో సరి.

డాక్టరమ్మ కొత్తావిడ. తల స్కానింగ్ చూసి మొహం చిట్లించింది.

"ఇది మీది కాదు. ఎవరిదో తారుమారైంది. ఇన్నేళ్లు గుద్దులు తిన్న తల ఇలా ఉండదు."

"తింటే కదమ్మా!"

ఆవిడ నమ్మలేదు. మళ్లీ తీయించుకోమంది. పోటీకి రెండు రోజులే ఉన్నాయి. మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఈసారి డాక్టరమ్మ స్కానింగ్ గది తలుపు దగ్గరే కాపలా కాసింది. రెండో స్కానింగ్ కూడా అచ్చం మొదటిదానిలాగే వచ్చింది.

"ఎవరు నేర్పారండీ మీకు?"

ఆయన భార్యను చూపించాడు. "పెళ్లైన కొత్తలో ఒక్కటే మాటంది. గెలుపోటములు తర్వాత, వెళ్లిన మనిషి వెళ్లినట్టే తిరిగి రావాలి అని."

"ఇవన్నీ ఇక్కడ చెప్పాలా?" అని భార్య కొంగు సర్దుకుంది. కానీ గర్వం మొహంలో దాగలేదు. డాక్టరమ్మ సంతకం పెట్టింది.

వందో పోటీకి భార్య కూడా వచ్చింది. ఎదుట ఇరవై రెండేళ్ల వస్తాదు. ఎనిమిది రౌండ్లూ గాలిని చితక్కొట్టి వాడే అలిసిపోయాడు. అద్దాలాయన సందు దొరికినప్పుడల్లా ఒక్కొక్కటి తగిలించి, పాయింట్ల మీద గెలిచాడు. అయినా ఈలలు ఆగలేదు.

"తప్పించుకు తిరగడమూ ఒక ఆటేనా? ఎవడ్రా వీడు?" అన్నాడు వెనక వరుసలో ఒకడు.

ఆవిడ లేచి, వెనక్కి తిరిగింది.

"మా ఆయన. నీకు చేతనైతే వెళ్లి ఒక్కటంటే ఒక్కటి తగిలించి రా, చూద్దాం!"