అన్నయ్య పేరుతో తీసిన ఈసీజీ

అన్నయ్య పనిచేసే వర్క్‌షాప్ ఫుట్‌బాల్ జట్టుకు ఇవాళ ఈసీజీ పరీక్ష జరిగింది. ఈ మధ్య ఆయాసపడుతున్న మా అన్నయ్య, జట్టులోంచి తీసేస్తారని భయపడి, తన పేరుతో స్నేహితుడు అప్పన్నను బల్ల మీద పడుకోబెట్టాడు. అప్పన్న ఖరిదా పేట క్లబ్బులో అలుపెరగని ఆటగాడు. రిపోర్టు కోసం నేను వెళ్తే, డాక్టరు ఆ గీతలు చూపించి, "మీ అన్నయ్య పరుగెడితే మైదానంలోనే ప్రాణం పోవచ్చు" అన్నారు.

వెంటనే ఖరిదా వెళ్లి అప్పన్నకు చెప్పాను. బూట్లు కట్టుకుంటూ నవ్వాడు.

"నాకేటయినాది సెల్లీ? మీ అన్నకి రెండింతలు పరిగెడతాను. ఆ మిసనే తప్పు సెప్పినాది."

మోసం చేసిన అన్నయ్యకు ఆట బంద్. అసలు జబ్బున్నవాడు రేపు మ్యాచ్ ఆడుతున్నాడు. డాక్టరు మాటైతే అప్పన్న వింటాడు. కానీ డాక్టరుకు నిజం చెబితే అన్నయ్య ఉద్యోగం పోతుంది. ఇంట్లో అందరూ నన్ను నోరు మూసుకోమంటున్నారు. మీరైతే మూసుకుంటారా?