లూవీనియా పెటవే వంకర అంచు

అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ల కోసం పెట్టిన టాలివర్ విశ్వవిద్యాలయం ప్రధాన భవనం మెట్లెక్కగానే ఎదురుగా ప్రముఖుల గోడ. మా దగ్గర చదివి పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థుల ఫోటోలు వరసగా ఉంటాయి: న్యాయమూర్తులు, డాక్టర్లు, బిషప్పులు, ఇద్దరు మేయర్లు, ఒక సైన్యాధికారి. ఆ గోడకు అవతలి పక్క కుట్టుగది. లూవీనియా పెటవే అందులో నలభై ఆరేళ్లు కూర్చుంది. బ్యాండు వాళ్ల కోట్లకు గుండీలు కుట్టింది, పట్టాలు తీసుకునే పిల్లల గౌన్లు పొడుగైతే పొట్టి చేసింది. నా గౌనుకూ ఆమే అంచు మడిచింది. ఆమె కూడా ఇక్కడే చదివిందని, మధ్యలో గెంటేశారని నాకు తెలిసింది పట్టా చేతికొచ్చిన పదేళ్లకు. ఆమె చెప్పలేదు. మేము అడగలేదు.

పంతొమ్మిది వందల అరవై మార్చిలో ఆమె రెండో ఏడు విద్యార్థిని. మా పిల్లలు ఇరవై తొమ్మిది మంది కోర్టు భవనంలోని ఫలహారశాలకు వెళ్లి, తెల్లవాళ్లకు మాత్రమే అని రాసి ఉన్న బల్లల ముందు కూర్చున్నారు. కాఫీ అడిగారు. పోలీసులు వచ్చేసరికి తోపులాటలో ఇరవై మంది వెనక తలుపు గుండా బయటపడ్డారు. తొమ్మిది మంది దొరికారు. వాళ్లలో లూవీనియా ఒకతె.

రాజధానిలో ఉన్న మా విశ్వవిద్యాలయ పాలకమండలి అంతా తెల్లవాళ్లే. మా అధ్యక్షుడు నల్లవాడే అయినా ఆయన కుర్చీ వాళ్ల చేతిలో ఉంది. ఆయన లూవీనియాను పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు.

"నీతో ఎవరెవరు కూర్చున్నారో రాసెయ్యమ్మా. నీ చదువు నీకుంటుంది."

ఆమె కలం తీసుకుని ఒక్క పేరు రాసింది. తన పేరు. మిగిలిన ఎనిమిది మందీ అదే చేశారు. ఆ సాయంత్రమే రిజిస్టరులో తొమ్మిది పేర్ల మీద ఎర్ర పెన్సిలు గీతలు పడ్డాయి. బయటపడిన ఇరవై మందీ అరవై రెండులో పట్టాలు తీసుకున్నారు. వాళ్లలో ముగ్గురు ఇప్పుడు ఆ గోడమీద ఉన్నారు.

ఆరేళ్ల తర్వాత కుట్టుపని ఖాళీ ఉందంటే లూవీనియా దరఖాస్తు పెట్టింది. విద్యార్థినిగా గెంటేసిన చోటికి పనిమనిషిగా వెనక తలుపు నుంచి వచ్చింది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. పట్టా తీసుకుని యాభై ఏళ్లయిన తరగతి స్నాతకోత్సవం నాడు బంగారు రంగు గౌన్లు తొడుక్కుని కొత్త పట్టభద్రుల ముందు నడుస్తుంది. మేం వాళ్లని బంగారు తరగతి అంటాం. వాళ్లు లోపలికి రాగానే సభంతా లేచి నిలబడుతుంది. అమ్మమ్మ బంగారు గౌనులో నడవడం చూడ్డానికి పక్క రాష్ట్రాల నుంచి మనవలు దిగుతారు. ఆ గౌన్లు తెప్పించేది ఒకే కొలతలో. వయసు మీదపడి కుంగిన ఒళ్లకు వాటిని సరిచేసేది లూవీనియా. ముప్పై బంగారు తరగతుల కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అంచులు మడిచింది. కుట్టు ఒక్క పోగు పక్కకు పోయినా మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టేది.

రెండు వేల పన్నెండులో ఆమె సొంత తరగతి వంతు వచ్చింది.

ఏప్రిల్లో ముప్పై రెండు గౌన్లు దిగాయి. అందులో ఆమెకు లేదు. డిగ్రీ ఉన్నవాళ్లకే గౌను అన్నది నియమం. కుట్టుగదిలో ఆమెకు సాయం చేసే అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది.

"మిస్ లూవీనియా, మీకు నడవాలని లేదా?"

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూనే జవాబిచ్చింది. "ఉంది తల్లీ. ఏటేటా ఉంది. ఆ సుద్దముక్క ఇటివ్వు."

స్నాతకోత్సవం శనివారం. గురువారం పొద్దున వ్యాయామశాలలో రిహార్సలు. అరవై రెండు నాటి తరగతి వాళ్లు ముప్పై ఒక్క మంది వచ్చారు. ముప్పై రెండో గౌను వర్నీస్ మాబ్రీది. ఆమె తన కొలతలు కుట్టుగదికి పంపిన వారానికే పోయింది. ఖాళీ గౌను హాంగరుకు వేలాడుతోంది.

రిహార్సల్లో హాజరు పిలుస్తారు. పోయినవాళ్ల పేరు వస్తే తరగతి అంతా కలిసి "ఇక్కడే ఉంది" అనాలి. అదీ ఆచారమే. రిజిస్ట్రార్ డాక్టర్ కెజాయా టబ్స్ మైకు పట్టుకుని పేర్లు చదువుతోంది. అదే సమయంలో లూవీనియా నోటినిండా గుండుసూదులు పెట్టుకుని డాక్టర్ ఓర్లీన్ స్నీడ్ కాళ్ల దగ్గర అంచు సరిచూస్తోంది. ఓర్లీన్ గుండె డాక్టరు. నోరు కత్తి.

వర్నీస్ పేరు పిలిచారు. అందరూ "ఇక్కడే ఉంది" అన్నారు. చివరి పేరూ అయిపోయింది. రిజిస్ట్రార్ కాగితాలు మడవబోయింది.

"ఒక పేరు వదిలేశావమ్మాయ్," అంది ఓర్లీన్.

"ఎవరిది, డాక్టర్?"

"లూవీనియా పెటవే."

రిజిస్ట్రార్ జాబితా మళ్లీ చూసింది. కుట్టుగది మిస్ లూవీనియా ఇంటిపేరు ఆమె ఎప్పుడూ వినలేదు. "ఆ పేరు లేదండీ. ఆవిడ పోయారా?"

"పోలేదు. నా మడమ దగ్గర ఉంది. సూదులు నోట్లో పెట్టుకుని."

లూవీనియా తలెత్తలేదు. నోట్లో సూదులున్న మనిషి "ఉన్నాను" అని ఎలా అంటుంది?

రిజిస్ట్రార్ మర్యాదగానే చెప్పింది. "ఆవిడంటే మాకందరికీ గౌరవమేనండీ. కానీ నియమం నియమం. డిగ్రీ లేనివాళ్లు నడవకూడదు."

అప్పుడు థాడియస్ గాడ్సెన్ లేచాడు. ముప్పై ఏళ్లు న్యాయమూర్తిగా చేసినవాడు. గోడమీద రెండో వరసలో ఉన్నవాడు. ఆ రోజు వెనక తలుపు గుండా మొదట బయటపడ్డవాడు కూడా.

"ఆవిడ ఆ కాగితం మీద నా పేరు రాసుంటే నేను పత్తి మిల్లులో బస్తాలు మోసుండేవాణ్ణి," అన్నాడు. "యాభై ఏళ్లుగా ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సిగ్గు. అంతే, ఇంకో పేరు లేదు దానికి." గౌను విప్పి మడిచి లూవీనియా ముందు పెట్టాడు. "లూవీ, నీ కుట్టు ఊడదియ్యి. నువ్వు నడవకపోతే నేను నడవను."

తిరిగి వెళ్లి మడతకుర్చీలో కూర్చున్నాడు. "మనకు కూర్చోవడం కొత్తా ఏమన్నా?" అన్నాడు.

ముప్పై ఒక్క మందీ గౌన్లు విప్పి కూర్చున్నారు. డెబ్బై దాటినవాళ్లు. మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు. ఒకాయన పక్కన ఆక్సిజన్ సీసా.

లూవీనియా సూదులన్నీ ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. అప్పుడు గానీ మాట్లాడలేదు. "చదవని చదువుకు నాకు పట్టా వద్దు కెజాయా. గౌరవ డిగ్రీలని కాగితాలు తేకండి. ఆ ఎర్ర గీత తీసెయ్యండి. నా తరగతిలో నా పేరు పిలవండి. అంతే."

మధ్యాహ్నానికి సంగతి ఊరంతా పాకింది. చర్చి ఆడవాళ్లు వేయించిన కోడి, చిలగడదుంపతో కాల్చిన తీపి పైలు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చారు. సాధనకు వచ్చిన బ్యాండు పిల్లలు బయటికి పోమంటే పోలేదు, అక్కడే వాయించారు. ఓర్లీన్ వరస వెంట తిరుగుతూ "బీపీ మాత్రలు వేసుకున్నారా? ఉద్యమం మధ్యలో పడిపోతే నేను సెలవులో ఉన్నా" అని గదమాయించింది.

రిజిస్ట్రార్ మటుకు పాత రికార్డుల గదికి వెళ్లింది. అరవైనాటి రిజిస్టరు తెచ్చి అందరి ముందూ విప్పింది. తొమ్మిది పేర్లు, తొమ్మిది ఎర్ర గీతలు. కారణం రాయాల్సిన గడి ఖాళీ. రిజిస్ట్రార్ ఆ గడి మీద వేలు పెట్టింది. ఆమె కూడా మా పిల్లే. ఆమె గౌనూ లూవీనియా కుట్టిందే.

"కారణం లేకుండా కొట్టేసిన పేరు నా దృష్టిలో కొట్టేసినట్టు కాదు," అంది. ఆ గడిని ఫోటో తీసి పాలకమండలిలో ప్రతి ఒక్కరికీ తనే పంపింది, తనే ఫోన్ చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అధ్యక్షురాలు స్వయంగా వచ్చి తీర్మానం చదివింది. తొమ్మిది బహిష్కరణలూ రద్దు. లూవీనియా పెటవే అరవై రెండు నాటి తరగతి విద్యార్థిని. ముసలాళ్లు లేచి గంతులేశారు, లేవలేనివాళ్లు నేలను కర్రలతో కొట్టారు.

అప్పుడొచ్చింది చిక్కు. గౌను లేదు. వర్నీస్ గౌను తెచ్చి తొడిగారు. వర్నీస్ ఆరడుగుల మనిషి, లూవీనియా ఐదడుగులకు ఒక వేలు తక్కువ. గౌను నేలమీద జీరాడింది. ఆమె అలవాటు కొద్దీ సూది అందుకుని దారం ఎక్కించబోయింది.

"ఇటివ్వు," అని థాడియస్ ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఓర్లీన్ రెండో పక్క. మిగిలినవాళ్లు తలా జానెడు కుట్టారు.

"థాడ్, నీ తీర్పులు కూడా ఇంత వంకరగానే ఉండేవా?" అంది లూవీనియా.

"కదలకు. సూది గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోవడమా? నా బొటనవేలికి కుట్టేశావు."

ఓర్లీన్ తల తిప్పలేదు. "నేను గుండెలు కుట్టాను, దానికేం ఫరవాలేదు గానీ, గౌన్లు నా వల్ల కాదు."

ఆ అంచు చూసి తీరాలి. ఒక పక్క చీలమండ పైకి, ఒక పక్క బూటు మీదికి. ముప్పై ఒక్క మంది చేతిపని కనబడుతుంది. కుట్టుగది అమ్మాయి మర్నాడు పొద్దున్నే వచ్చి "అరగంటలో సరిచేస్తానండీ" అంటే లూవీనియా గౌను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. "ముట్టుకున్నావో చేతులు విరిచేస్తా."

శనివారం ఆమె పేరు పిలిచినప్పుడు నోట్లో సూదులు లేవు. "ఉన్నాను" అంది. మైకు అక్కర్లేకపోయింది. సభంతా లేచి నిలబడింది. ఆ వంకర అంచుతో ఆమె నడవ పొడుగునా తల ఎత్తుకుని నడిచింది. ఎంతమంది గౌన్ల కిందనో ముప్పై ఏళ్లు వంగి ఉన్న తల అది. ఆగస్టులో డెబ్బై రెండేళ్ల వయసులో మూడో ఏడు తరగతుల్లో చేరింది. చరిత్ర క్లాసులో ముందు బల్ల ఆమెదే.

గోడమీద ఆమె ఫోటో ఇంకా లేదు. నేను అడిగాను, మళ్లీ అడుగుతాను. ఆ తొమ్మిది మందిలో నలుగురు ఈ తీర్మానం వినకుండానే పోయారు.

మీరు చదువుకున్న చోట కూడా ఒక గోడ ఉంటుంది. దాని వెనక ఒక గదీ ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఫోటోల ముందు నిలబడి తిరిగి వచ్చేయకండి. పాత రిజిస్టరు తెప్పించి కొట్టేసిన పేర్లు చూడండి, కారణం గడి ఖాళీగా ఉంటే ఆ పేరు బయటికి చదవండి. వంటగదిలో, కుట్టుగదిలో, చీపురు పట్టుకుని ఉన్నవాళ్లను "మీరెక్కడ చదువుకున్నారు, ఎందుకు ఆగిపోయారు" అని అడగండి. వాళ్లు బతికి ఉండగానే అడగండి.