మామగారికి నేను పెట్టిన పేరు

విమానాశ్రయం పక్కనే ఉన్న మా తొండుపల్లిలో ఫోన్ మాట్లాడాలంటే నెత్తిమీది విమానం అనుమతించాలి. అయినా నాకు పెళ్లి కుదిరాక, కాబోయే మామగారు రోజుకు ఆరుసార్లు చేసేవారు. ఆయన కొత్త సిమ్ తీసుకొని, ఆ నంబరు అందరికంటే ముందు నాకే ఇచ్చారు. 'నస మామ' అని సేవ్ చేసుకున్నాను.

ఫోన్ చేసేవాళ్ల పేరు చూపించే ఉచిత యాప్ ఒకటి నా దగ్గరుంది. అది పైసా అడగలేదు. నా కాంటాక్టులన్నీ తీసుకుంటానంటే సరేనన్నాను.

లగ్గం వారం ఉందనగా మామగారు కొత్తూరు టెంట్‌హౌస్‌కు ఫోన్ చేశారు. వాళ్ల ఫోన్‌లోనూ అదే యాప్.

"ఎవరు, నస మామనా? చెప్పుండ్రి, కుర్చీలెన్ని?" అన్నాడట ఓనర్.

గంటలో మామగారు మా గుమ్మంలో ఉన్నారు. "తప్పు యాప్‌ది మామా," అన్నాను, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకొని.

"దానికి నా నంబర్ ఇచ్చిందెవరు? ఫుకట్ల వస్తదంటే నన్నే అప్పజెప్పినవ్. ఇగ నా బిడ్డనేం నమ్మి పంపాలె?"