ఒకవైపు బరువైన గెలాక్సీ

గోదావరిఖని బొగ్గుబావిలో ముప్పై ఏళ్లుగా సర్వేయర్‌గా ఉన్న రాయమల్లుకు ఒక్కటే పిచ్చి. కోణాలు కొలిచే మిషను పెట్టి ఒకసారి గురి చూస్తే నమ్మడు. దాని దుర్భిణిని తలకిందులుగా తిప్పి, అదే గురిని మళ్లీ చూడాల్సిందే. తొందరపెట్టారో, ఇక ఆ నోటికి దొరికినవాళ్ల పని అయిపోయినట్టే!

మొన్న ఆయన మొదటి షిఫ్టు దిగి క్వార్టర్‌కు వచ్చేసరికి కూతురు హర్షిణి కంప్యూటర్ ముందు ముఖం వేలాడేసుకుని కూర్చుంది. గెలాక్సీల్లోని హైడ్రోజన్ వాయువు రెండు వైపులా సమానంగా ఉందో లేదో రేడియో టెలిస్కోపుతో కొలవడం ఆ పిల్ల పరిశోధన. మూడేళ్ల కష్టంలో ఒక్క వింత దొరికింది. ఓ గెలాక్సీలో ఒకవైపు వాయువు రెండోవైపుకు రెండింతలు. అది యంత్రం దోషమేమో, జాబితాలోంచి తీసేయమన్నారు పరిశోధన చేయిస్తున్న సారు. సాయంత్రంలోగా జవాబివ్వాలి.

“తీసేస్తున్న బాపూ. గింత వంకర యాడన్న ఉంటదా?”

“ఏయ్, ఆగు! కొత్తల నేను గిట్లనే చేసిన. లెక్క వంకరగ వచ్చిందని చేత్తోని సక్కగ జేసిన. రెండు దిక్కులకెల్లి తవ్వుకొచ్చిన సొరంగాలు కలవక నా ఇజ్జత్ పోయింది. మిషను తిప్పి చూసినవా?”

“టెలిస్కోపును ఎట్ల తిప్పుత? నీ బాయిల మిషననుకున్నవా!”

“ఎట్లనో నాకేమెరుక? మిషను తప్పయితే మిషనుతోనే ఉంటది. వస్తువు వంకరయితే వస్తువుతోనే పోతది. గంతే.”

హర్షిణి చటుక్కున నిటారుగా కూర్చుంది. ఆర్నెల్ల కింద యంత్రం అమరిక మార్చి ఇదే గెలాక్సీని ఇంకోసారి చూశారు. అప్పుడు దాని సంకేతం యంత్రంలో వేరే చోట పడింది. రెండుసార్లూ వచ్చిన సంకేతాల గ్రాఫులను పక్కపక్కన పెట్టింది. యంత్రం దోషమైతే ఒకవైపు ఎత్తుగా లేచిన ఆ ఉబ్బు పాత చోటే ఉండాలి. లేదు! గెలాక్సీతోపాటే జరిగింది. అదే వైపు, అంతే ఎత్తున.

“నిజంగనే వంకరున్నది బాపూ! పక్క గెలాక్సీ ఏదో గుంజుతున్నట్టున్నది!”

“ఎంత దూరముంటది?”

“గీ సంకేతం బయలుదేరి ఇరవై ఎనిమిది కోట్ల ఏండ్లయింది.”

రాయమల్లు ఒళ్లు ఝల్లుమంది. తాను రోజూ కొలిచే బొగ్గు ఇంకా చెట్లుగా ఉన్న కాలం దాదాపు అదే. ఈ నేల మీద ఆ అడవి పచ్చగా ఉన్నప్పుడు బయలుదేరిన కబురు, ఇవాళ తన ఇంట్లోకి వచ్చింది. అప్రయత్నంగా రెండు చేతులూ జోడించాడు.

“ఈ ముచ్చట ఇంకెవలకన్న ఎరుకనా బిడ్డా?”

“ఇప్పటికైతే మనిద్దరికే.”

రాయమల్లు కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు.

“అయితే జల్ది పంపు. అందరికీ ఎరుక కావాలె.”